నక్షత్రం వండిన ఇనుము

కుప్పంలోని మా బడిలో వారానికోసారి ఆడపిల్లలకు ఐరన్ మాత్రలు పంచేది నేనే. అట్ట చించగానే తుప్పులాంటి వాసన ముక్కుకు తగులుతుంది. నిన్న ఆ వాసనకు రెడ్డెమ్మ మేడమ్ గుర్తొచ్చి, పిల్లల ముఖాల్లోకి చూడలేకపోయాను.

పుంగనూరులో ఇంటర్ చదివేటప్పుడు ఆమె మా ఫిజిక్స్ లెక్చరర్. రోజూ మదనపల్లె నుంచి బస్సులో వచ్చేవారు. ప్రతి నెలా మూడు రోజులు నేను మానేయడం చూసి, "యాల రాలేదమ్మా?" అని అడిగితే "జ్వరం మేడమ్" అనేదాన్ని. నెలనెలా వచ్చే ఆ వింత జ్వరాన్ని చూడటానికి ఒక సాయంత్రం పెద్దపంజాణి దగ్గరున్న మా పల్లెకే వచ్చేశారు.

మాది గొర్రెలు కాసే ఇల్లు. బయట చేరిన ఆడవాళ్ళు మూడు రోజులూ దొడ్డి పక్కనున్న కొట్టంలో ఉండాలి. విడిగా పెట్టిన చెంబు, కంచం పక్కన గోనెపట్ట మీద కూర్చున్న నన్ను ఆమె చూశారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంతలో అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఆపక్క పోబాకండి మేడమ్. తాకితే మీరు తలకు పోసుకోవాల."

"ఇంటికి పోయి పోసుకుంటాలేమ్మా," అంటూ ఆమె వచ్చి నా గోనెపట్ట మీదే కూర్చున్నారు. నేను ముడుచుకుపోయి, "మైల మేడమ్" అన్నాను.

"ఏంది మైల? నీ రక్తంలో ఇనుముండాది. అది ఈడ పుట్టిందనుకుంటివా? మన సూర్యుడి కన్నా శానా పెద్ద నక్షత్రాలు కడుపులో హైడ్రోజన్‌ను హీలియం చేసి, దాన్ని కార్బన్ చేసి, అట్లా వండుకుంటా ఇనుము దాకా వస్తాయి. ఆడ పొయ్యి ఆరిపోతాది. ఇనుముతో ఇంక మంట పుట్టదు. నక్షత్రం లోపలికి కూలి, పేలిపోతాది. అట్లా చెదిరిందే నీ ఒంట్లోకి వచ్చింది. దాన్ని పట్టుకొని మైలంటాండావు!"

నాకు నవ్వొచ్చింది. ఆమె భుజం మీద చెయ్యి వేయగానే ఏడుపొచ్చింది. నాన్నను ఎలా ఒప్పించారో గానీ, ఆ తర్వాతి నెల నుంచి ఆ మూడు రోజులూ కొట్టంలో నుంచే కాలేజీకి వెళ్ళాను. చదువు నిలబడింది.

ఇప్పుడు నేను సైన్స్ టీచర్ని. నక్షత్రాల పాఠం నాలా చెప్పేవాళ్ళు లేరని తోటివాళ్ళు అంటారు. పోయిన నెల ఊరికి వెళ్ళినప్పుడు బయట చేరాను. అమ్మ కొట్టం వైపు చూసిందంతే. గొడవెందుకులే అనుకుని నేనే వెళ్ళి కూర్చున్నాను. మేడమ్ మాటలు పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఆనాటి సిగ్గూ చెక్కుచెదరలేదు. కాసేపటికి ఆరేళ్ళ నా కూతురు పరుగెత్తుకొచ్చి ఒళ్ళో కూర్చోబోయింది.

"తాకబాక," అన్నాను.

"యాలమ్మా?" అంది.

అంతమంది పిల్లలకు చెప్పిన పాఠం, నా బిడ్డకు చెప్పడానికి నోరు రాలేదు.