భీమవరం ఐసు ఫ్యాక్టరీకి వెయిట్‌లిఫ్టర్‌ను తీసుకెళ్లిన రోజు

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ నడిపే మా పెదనాన్నకు 'కుదరదు' అనే మాట నోరు తిరగదు. ఎవరు ఎప్పుడు ఐసు అడిగినా "అలాగేనండి" అంటారు. దిమ్మ పూర్తిగా గడ్డకట్టడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అడిగినవాళ్లను నొప్పించలేక ఆయన ముందే తీయించేస్తారు. అలాంటి దిమ్మ పైకి గట్టిగానే ఉంటుంది, మధ్యలో మాత్రం నీళ్లు. పోయిన నెల ఆ ఐసు దారిలోనే కరిగిపోయి, సత్తిబాబుగారనే పెద్ద రైతు రొయ్యలన్నీ మెత్తబడ్డాయి. ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరే ఫ్యాక్టరీ చూసుకుంటానని ఆయన చెప్పి వెళ్లారు. ఆయన పోతే పెదనాన్న వ్యాపారంలో సగం పోయినట్టే. ఎంబీయే చదివి, రెండు ఉద్యోగాలు మానేసి రాజమండ్రిలో గోళ్లు గిల్లుకుంటున్న నన్ను సలహా అడిగారు, పాపం. వ్యాపారులు క్రీడాకారులను చూసి నేర్చుకోవాలని ఏదో వీడియోలో విన్నాను. నా స్నేహితురాలు మల్లిక జాతీయ పోటీల్లో పతకాలు గెలిచిన వెయిట్‌లిఫ్టర్. తీసుకొచ్చి నాలుగు మాటలు చెప్పిస్తానన్నాను.

రాజమండ్రిలో ఉదయం ప్యాసింజర్ ఎక్కాను. మల్లిక నిడదవోలులో ఎక్కింది. అక్కడి నుంచి తణుకు మీదుగా భీమవరం వెళ్లే దారంతా వరిచేలే. అత్తిలి దాటాక చేపల చెరువులు మొదలవుతాయి. కిటికీ పక్క సీటు దొరికితే వదలకండి. టికెట్టు ఇద్దరికీ కలిపి వంద కూడా కాలేదు. మా ఎదురు సీట్లో కూర్చున్న పెద్దావిడ పూతరేకుల డబ్బా తెరిచి మల్లిక ముందు పెట్టారు. రెండు రోజుల్లో మల్లికకు సెలక్షన్ పోటీలు. తూకంలో తన కేటగిరీ దాటితే అసలు బరిలోకే దిగనివ్వరు.

"వద్దండి," అంది మల్లిక నవ్వుతూ.

"షుగరా అమ్మా? ఇంత చిన్న వయసులోనే?"

"కాదండి."

"మరి అలిగావా ఎవరిమీదైనా?"

"లేదండి."

ఆవిడ డబ్బాను నా వైపు తిప్పారు. మల్లిక వాటా పూతరేకులు కూడా నేనే తిన్నాను. పోటీ సంగతి చెప్పేస్తే పోయేదిగా అని తర్వాత అడిగాను.

"చెబితే 'ఒక్కటి తింటే ఏమవుద్దమ్మా' అంటారు. కారణం చెప్పామంటే బేరం మొదలైనట్టే," అంది.

స్టేషన్ బయట ఐసు ఫ్యాక్టరీకి అంటే ఆటో అతను నూట యాభై అన్నాడు. ఎనభైకి వస్తావా అన్నాను. "ఏ ఐసు ఫ్యాక్టరీ అండి? ఒకే పూట ఆరిళ్లవాళ్లు భోజనానికి పిలిచినా అలాగేనండి అంటారే, ఆయనదేనా? ఎక్కండి," అన్నాడు.

ఫ్యాక్టరీ ముందు పూలదండ, మైకు, పెదనాన్న సిద్ధంగా ఉన్నారు. దండ పడగానే పనివాళ్లు ఒక దిమ్మను ఈడ్చుకొచ్చారు.

"ఒక్కసారి ఎత్తమ్మా, ఫోటోకి," అన్నారు పెదనాన్న.

"వద్దండి."

"పోనీ సగం దిమ్మ?"

"వద్దండి."

మైకు ఇస్తే మల్లిక ఒక్క మాటే చెప్పింది. "కోచ్ చాలన్నప్పుడు ఆపేస్తానండి. ఎవరు చప్పట్లు కొట్టినా ఇంకోటి ఎత్తను." మైకు అద్దెకు కూడా గిట్టుబాటు కాని ప్రసంగమని పనివాళ్ల మొహాల్లో స్పష్టంగా కనిపించింది. లోపల పెద్దమ్మ రొయ్యల ఇగురు, కోడి వేపుడు, మామిడికాయ పప్పు, గారెలు చేసి అరిటాకు వేసి ఉంచింది. మల్లిక తన డబ్బాలోని ఉడకబెట్టిన గుడ్లు తీసింది. పెద్దమ్మ మొహం చూడలేకపోయాం.

అప్పుడే సత్తిబాబుగారు వ్యాను దిగారు.

"దిమ్మలు ఎక్కించేయమనండి. సాయంత్రం చెరువులో రొయ్యల పట్టుబడి ఉంది."

ఉప్పునీళ్ల తొట్టిలోని దిమ్మలకు ఇంకా నాలుగు గంటలు కావాలి. పెదనాన్న నోట్లోంచి "అలా" వరకు వచ్చింది. ఆయన చూపు మల్లిక చేతిలోని గుడ్ల డబ్బా మీద పడింది.

"ఇప్పుడు కుదరదండి."

పనివాళ్లు చేస్తున్న పని ఆపేశారు.

"కరెంటు పోయిందా?"

"లేదండి."

"మెషిన్ చెడిందా?"

"లేదండి. నాలుగింటికండి."

"అయితే వేరే ఫ్యాక్టరీకి పోతాను."

ఐసు పక్కన నిలబడి కూడా పెదనాన్నకు చెమటలు పట్టాయి. "మీ ఇష్టమండి," అన్నారు. సత్తిబాబుగారు వెనక్కి తిరిగేసరికి మాత్రం పెదనాన్న ఉండబట్టలేకపోయారు. "వెళ్లేవారు ఎలాగూ వెళ్తారు, భోంచేసి వెళ్లండి. ఆకు వేసే ఉంది."

సత్తిబాబుగారు వద్దన్నారు, టైము లేదన్నారు, ఇప్పుడే తిన్నానన్నారు. కారణం చెప్పాక ఇంకేముంది! మల్లిక కోసం వేసిన ఆకు ముందు ఆయనను కూర్చోబెట్టి, పెద్దమ్మ తన కసంతా తీర్చుకుంది. భోజనమయ్యాక ఆఫీసులో ఫ్యాను కింద పడక్కుర్చీలో ఒరిగిన మనిషి నాలుగున్నరకు గాని లేవలేదు. లేచాక ఒక దిమ్మను పగలగొట్టించి చూశారు. నడిమధ్య దాకా గట్టిగా ఉంది.

"ఐసంటే ఇదండీ! ఇన్నాళ్లూ ఇలా ఎందుకివ్వలేదు?"

"ఇన్నాళ్లూ మీరు భోంచేసి వెళ్లలేదు కదండీ," అన్నారు పెదనాన్న.

విజేతల గురించి విన్న మాటల్లో ఎక్కువగా పట్టుదల, కసి, ఇంకా ఇంకా అనడమే ఉండేవి. ఆ రోజు నేను చూసింది వేరు. మల్లిక బలం బరువు ఎత్తడంలో ఎంతుందో, ఎత్తకుండా నవ్వుతూ నిలబడటంలో కూడా అంతే ఉంది. పెదనాన్న ఆమెలా మారలేదు, మారలేరు కూడా. తనకు చేతనైన మర్యాదనే 'కుదరదు' అన్న ఆ ఒక్క మాటకు తోడు తెచ్చుకున్నారు. రెండు రోజుల తర్వాత మల్లిక తూకం యంత్రం ఫోటో పంపింది. కేటగిరీ దాటలేదు. నా తూకం గురించి అడగొద్దు. మీరూ భీమవరంలో ఎవరింటికైనా వెళ్తుంటే తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం రైలు పెట్టుకోకండి. రైలుకు టైమైందన్నది కూడా కారణమే, వాళ్ల దగ్గర దానికి సమాధానం ఉంటుంది.