ఏరుకు తినే వేళ, నోరు తెరిచే వేళ

మా అయ్య పోయాక విసురువల మా అమ్మ దేముడమ్మే పట్టింది. ఆడది వల విసరడమేమిటని నవ్వినవాళ్ళు నవ్వారు. ఆవిడ తిట్లు తిన్నాక మానేశారు. ఆ తిట్లు నాకూ వచ్చాయి. మా తమ్ముడు పరదేశికి మాత్రం తిట్లూ రాలేదు, అమ్మ ఓపికా రాలేదు. వాడికి ఉన్నదల్లా తొందరే.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడాది, దీపావళి వెళ్ళాక, వాడి పెళ్ళాం చిన్నతల్లి ఆడపిల్లని కన్నది. పాలు పడలేదు. గుడ్డ వత్తితో ఆవుపాలు పట్టిస్తే పసిగుంట కక్కేసింది. ఏడ్చి ఏడ్చి చివరికి ఏడవడమే మానేసింది. బాలింతకి పరిగె చేపల పులుసు పోస్తే పాలు పడతాయని మా ఇళ్ళల్లో నమ్మకం.

అమ్మా, పరదేశీ, నేనూ ముగ్గురం చోడవరం అవతల ఏటి మడుగుకి వెళ్ళాం. ఇంకా ఎండ ఉంది. పరిగెలు గుంపుగా తిరుగుతున్నాయి. అమ్మ చిటికెడు తవుడు చల్లి చూసింది. ఒక్కో చేపా ఒక్కో నలుసుని గురిచూసి పట్టుకుంటోంది.

"ఏరుకు తింటన్నాయిరా. అంటే వాటికి బాగా కనబడతంది. వలా కనబడతాది. ఆగు."

"ఇంట్లో గుంట సచ్చిపోతంటే ఆగమంటావేటే!" అంటూ పరదేశి వల లాక్కుని విసిరేశాడు.

గుంపు రెండుగా చీలి, వలని తప్పుకుని, మళ్ళీ ఒకటైపోయింది. వలలో నాచు తప్ప ఏమీ లేదు.

"నీ తొందర తగలెయ్య! అవి మడుగొదిలి పోతే ఏటి సేస్తావురా?" అని అరిచాను. వాడు ఒడ్డున కూలబడి ఏడ్చేశాడు. అమ్మ తడి వల దులిపి భుజాన వేసుకుంది.

పొద్దు కొండ వెనక్కి దిగింది. నీటి అడుగునుండే సన్నపురుగులు పైకి తేలాయి. అప్పుడు చూశాను. గుంపు విడిపోయింది. ఇక గురి లేదు, ఏరుకోవడం లేదు. వందల చేపలు నోళ్ళు తెరుచుకుని ఈదుకుంటూ పోతున్నాయి. పురుగులు వాటంతటవే నోట్లో పడుతున్నాయి. అమ్మో, మడుగంతా నోళ్ళే! చూపు ఆనకపోయినా ఆకలి తీరే దారి ఇంకోటి ఉందన్నమాట, అనుకున్నాను.

అమ్మ వల తీసి పరదేశి చేతిలో పెట్టింది. "ఇప్పుడెయ్ బాబూ."

ఒక్క విసురుకే వల బరువెక్కింది.

ఆ పూటా పులుసే, మర్నాడూ పులుసే. మర్నాడు సందెవేళకి చిన్నతల్లి రవిక తడిసింది. గుంటని ఒళ్ళో పెట్టాం. నేను దీపం తేబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"దీపమెందుకే? ఆగు."

మసక చీకట్లో, మూసిన కళ్ళు మూసినట్టే ఉంచి, గుంట నోరు తెరిచింది. పరదేశి గుమ్మంలోనే ఆగి నిలబడ్డాడు. కాసేపటికి గుటక చప్పుడు వినిపించింది.