రుక్కమ్మ మంచె మీద గిజిగాళ్ళ లెక్క

సాతంరాయి ఊరి రుక్కమ్మ పట్నం శాస్త్రవేత్తను మూడు రోజులు మంచెకు కట్టేసి సర్కారు హుకుం ఆపించింది. కట్టేసింది అంటే తాడుతో కాదు. మూడు రోజులూ కాదు, ఒక్క పూట. హుకుం ఆగిన మాట మాత్రం నిజం.

అది 1944 వానకాలం. యుద్ధం వల్ల గింజకు కరువు. గింజ తినే పిట్టలు తగ్గాలంటే చేలల్లో గూళ్ళున్న చెట్లన్నీ నరకాలని పైనుంచి ఆజ్ఞ. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పని చూడటానికి ఈశ్వరయ్య వచ్చాడు. జీవశాస్త్రం చదివినవాడు, మెడలో దుర్భిణి. రుక్కమ్మ బావి మీదికి వంగిన తుమ్మచెట్టుకు ముప్పై గిజిగాడి గూళ్ళు వేలాడుతున్నాయి. పక్కనే ఆమె మూడెకరాల జొన్న. ఆమె బతుకంతా ఆ చేనే.

పటేల్ మనిషి మొగులయ్య గొడ్డలి పట్టుకుని చెట్టు దగ్గరికి నడిచాడు. రుక్కమ్మ మంచె మీదే కూర్చుని, పిట్టలను కొట్టే వడిసెలలో రాయి పెట్టింది.

"గొడ్డలి దించు మొగులన్నా. ఈ రాయి పిట్టల కోసం పెట్టలే."

"నన్నెందుకు పరేషాన్ చేస్తవ్ అక్కా? సారును అడుగు."

ఈశ్వరయ్య ముందుకొచ్చాడు. "గిజిగాడు గింజలు తింటుందని పుస్తకంలో ఉందమ్మా."

"పిల్లలకేం పెడ్తదో ఉన్నదా గందుల?"

ఆయన దుర్భిణి అద్దం తుడుచుకున్నాడు.

"నీ పిల్లలకు పుట్టంగనే జొన్నరొట్టె పెట్టినవా సారూ? జర పైకొచ్చి చూడు."

పౌరుషానికి ఎక్కాడు. మధ్యాహ్నం దాకా ఒక్క గూటి మీదే దుర్భిణి పెట్టాడు. తల్లిపిట్ట నలభై మూడు సార్లు వచ్చింది. ఊళ్ళో చెప్పుకునేది నాలుగు వందలు. తెచ్చినవన్నీ జొన్న ఆకులను తినే పచ్చపురుగులే.

"గింజ ముదిరాక ఈ పిట్టలే కంకుల మీద పడతాయి కదా?"

"పడ్తయ్. గప్పటికి పిల్లలకు రెక్కలొస్తయ్, నా చేతికి వడిసెల వస్తది. గింజ పాలు పట్టేదాంక మా ఇంట్ల ఎవ్వరం పిట్టను కొట్టం."

"ఎనభై ఊళ్ళకు ఒకటే హుకుం. నీ ఒక్కదానికి ఎట్లా ఆపాలి?"

"ఎనభై ఊళ్ళకు ఒకటే దినం వాన పడ్తదా? హుకుం రాసినాయన ఏ చేను చూసి రాసిండు?"

ఈశ్వరయ్య కాగితం తీశాడు. పరిశీలన ముగిసేదాకా ఈ చెట్టు కొట్టరాదని రాసి సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండా పైఅధికారి కారులో దిగాడు. ఈశ్వరయ్య ముందురోజే రుక్కమ్మకు కబురు పంపాడు: తానే చూసి ఆపానంటే చెట్టు నిలుస్తుంది, ఒక రైతు ఆడమనిషి మాట విన్నాడని తేలితే చెట్టూ పోతుంది, తన నౌకరీ పోతుంది.

"మా ఈశ్వరయ్యను మంచె ఎక్కించి పాఠం చెప్పావట?" అన్నాడు అధికారి.

రుక్కమ్మ కొంగు దోపుకుని ఆయన కళ్ళల్లోకి చూసింది.

"నేనా? నేనెవ్వరినీ ఎక్కించలే. పిట్టలేం తింటయో నాకేం ఎరుక. ఆ సారుతోటి నేను ఒక్క ముచ్చట గూడ మాట్లాడలే. గిదంత ఊరోళ్ళు అల్లిన కత."