బాలలక్ష్మి నడిపిన పడవ

సిరిసిల్లలో ఒక ఆడమనిషి గోదావరి మీద ఒక పడవను తొమ్మిదేళ్ళు నిలబెట్టింది. ఒడ్డుకు రానివ్వలేదు, మునగనివ్వలేదు. ఎన్ని వరదలు వచ్చినా, నది ఎండినా, ఆ పడవ నట్టనడుమ వెన్నెల్లో అట్లాగే ఊగుతూ ఉండిపోయింది.

సరే, తొమ్మిదేళ్ళన్నది కొంచెం సాగదీసిన లెక్క. పెళ్ళిళ్ళు, జ్వరాలు, బీడీలకు తునికాకు దొరకని నెలలు తీసేస్తే ఏడుంటాయేమో. సిరిసిల్లలో గోదావరి కూడా లేదు, ఉన్నది మానేరు. పడవేమో ఒక వారపత్రికలోని పడవ, అందులో కూడా చివరి పేజీలో నాలుగు వాక్యాల పొడుగున ఉన్న పడవ. ఆడమనిషి మాత్రం నిజం. పేరు బాలలక్ష్మి. ఆమె పెనిమిటి హనుమంతు మరమగ్గం మీద పనిచేసేవాడు. ఆమె మిగతా ఆడవాళ్ళతో పాటు రామవ్వ ఇంటి అరుగు మీద బీడీలు చుట్టేది.

చుట్టేది అనడం కూడా పూర్తి నిజం కాదు. ఆ అరుగు మీద ఆరో తరగతి దాకా చదివింది ఆమె ఒక్కతే. అందుకని మధ్యాహ్నం పూట ఆమె చాట పక్కన పెట్టి, గ్రంథాలయం నుంచి తెచ్చిన పత్రికలో సీరియల్ రోజుకు కొంచెం చొప్పున చదివి వినిపించాలి. చదివే చేతులు బీడీలు చుట్టలేవు కాబట్టి, విన్నవాళ్ళు తలా ఒక కట్ట ఆమె చాటలో వేయాలి. ఇది రామవ్వ పెట్టిన కట్టుబాటు. రామవ్వ పెట్టిన కట్టుబాటును ఆమె మొగుడు కూడా దాటేవాడు కాదు.

ఆ సీరియల్ రాసినాయన ఎక్కడో కోస్తా మనిషి. ఆయన కథలో అందరూ పొద్దున్నే కాఫీ తాగేవారు. బాలలక్ష్మి చదివేటప్పుడు ఆ కాఫీ చాయ్ అయిపోయేది. దివాణం గడీ అయ్యేది. పెసరట్టు సర్వపిండి అయ్యేది. కథానాయిక పేరు హిరణ్మయి. అరుగు మీద ఆమె ‘ఇరణమ్మ’. ఇట్లా చదువుతూ చదువుతూ ఉండగానే కథ సగం చెయ్యి మారింది. మిగతా సగం డెబ్బై నాలుగు ఎండాకాలంలో మారింది.

ఆ వారం హిరణ్మయి ఇల్లు విడిచి పడవెక్కింది. అవతలి ఒడ్డున ఆమె మనసిచ్చిన ప్రభాకరం లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. నడి నదిలో వెన్నెల. ‘ఇంకా ఉంది’ అని రాసి ఉంది. మరుసటి వారం బాలలక్ష్మి వెళితే గ్రంథాలయంలో పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు. పత్రిక మూతపడింది, ఇక రాదు. ఆమె పాత సంచికనే చంకన పెట్టుకుని తిరిగొచ్చింది. ఆ మాటే చెప్పేద్దామనుకుంది. కానీ అరుగు మీద అందరూ చాటలు ఒళ్ళో పెట్టుకుని, మెడలు ఆమె వైపు తిప్పి కూర్చున్నారు.

“సదువు బిడ్డా,” అంది రామవ్వ. “నిన్న రాత్రంత నిద్ర పట్టలే. గా పిల్ల నీళ్ళల్ల ఒక్కతే ఉండె.”

ఇంట్లో ‘ఓ పిల్లా’ తప్ప బాలలక్ష్మికి వేరే పిలుపు లేదు. ‘సదువు బిడ్డా’ అన్న మాట రోజుకు ఒక్కసారే వినపడేది, అది కూడా ఆ అరుగు మీదే. ఆమె పాత సంచిక తెరిచింది. కళ్ళు ఏదో మందుల ప్రకటన మీద ఉన్నాయి. నోరు మాత్రం పడవ కింద కదిలే నీళ్ళ గురించి చెప్పడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కథ ఎట్లా నడిచిందో ఏ పత్రికలోనూ రాయరు. ఉదాహరణకు, ప్రేమ ముచ్చట్లన్నీ కరెంటు పోయినప్పుడే వచ్చేవి. కరెంటు ఉంటే వీధంతా సాంచాలు టకటకా మోగేవి. ఆ మరమగ్గాల మోత మీద ‘నీవు లేక నేను లేను’ అని అరిచి చెబితే అది తగాదాలాగా వినిపించేది. అందుకని హిరణ్మయి మనసు విప్పాలంటే కరెంటు పోవాల్సిందే. కరెంటు పోగానే వీధంతా ఒక్కసారి నిశ్శబ్దమయ్యేది. అప్పుడు బాలలక్ష్మి గొంతు తగ్గించేది. అరుగు మీద వేళ్ళు వాటంతటవే ఆకు మీద తిరిగేవి, జపమాల తిప్పే కాన్వెంటు సిస్టరమ్మల వేళ్ళలాగా.

దుఃఖం మాత్రం చాలా ఖరీదైన వస్తువు. హిరణ్మయి తల్లికి జబ్బు చేసిన వారం అందరి బీడీలూ వదులుగా వచ్చాయి. కంపెనీలో బీడీలు చూసి తీసుకునే మున్షీ లింగమూర్తి సగానికి సగం పక్కకు పారేసి, తానే అరుగు దాకా వచ్చాడు.

“ఎవలు సచ్చిన్రమ్మా ఈ వారం?”

“ఎవలు సావలే. ఇరణమ్మ తల్లికి పానం బాగలేదు,” అంది సత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. అందరికన్నా ముందు ఏడ్చేది ఆమే.

లింగమూర్తి బాలలక్ష్మి వైపు తిరిగి చేతులు జోడించాడు. “నీ కాల్మొక్త చెల్లే. గామెను జర దవాఖానల పడెయ్. నా నౌకరీ పోయెటట్టున్నది.”

తల్లి రెండు రోజుల్లో లేచి తిరిగింది. అంతటి వైద్యం ఏ దవాఖానలోనూ జరిగి ఉండదు.

నదిలోకి మొసలి కూడా అట్లాగే వచ్చింది. బాలలక్ష్మి అత్తకు ఒక బంగారు పన్ను ఉండేది. ఒకసారి పొద్దున్నే ఆమె కోడలిని నానా మాటలూ అంది. మధ్యాహ్నానికి గోదావరిలో బంగారు పన్ను ఉన్న మొసలి తేలింది. అత్త అక్కడే కూర్చుని శ్రద్ధగా విని, “గా మొసలికి మస్తు పొగరున్నదే. సరిగ్గ సంపాలె దాన్ని,” అంది.

ఇన్ని వచ్చినా పడవ మాత్రం ఒడ్డు చేరలేదు. దానికి కారణం బాలలక్ష్మి ఒక్కదానికే తెలుసు. ఆమె గోదావరిని చూడలేదు. నడి నీళ్ళు చెప్పడం తేలిక, వెన్నెల వేస్తే చాలు. కానీ ఒడ్డు? పడవ ఎట్లా ఆగుతుంది? మొదటి అడుగు దేని మీద పడుతుంది? ఒడ్డు దగ్గరికి రాగానే ఆమె నాలుక ఎండిపోయేది, గాలి ఎదురు తిరిగేది, పడవ మళ్ళీ నడుమకు పోయేది. రాత్రి కలలో తనే ఆ పడవలో కూర్చుని ఉండేది. తెల్లగా, మెత్తగా, ఎటు చూసినా నీళ్ళే.

ఇట్లా సాగుతుండగా సత్తమ్మ కొడుక్కు పెళ్ళయి, లక్సెట్టిపేట నుంచి యాదవ్వ అనే కోడలు వచ్చింది. వచ్చిన మొదటి రోజే కొత్త కోడలు చాట ముందు పెట్టుకుని కథ వింది. కాసేపయ్యాక కిసుక్కున నవ్వింది.

“గిదేంది అత్తా, గామె ఇంక పడువలనే ఉన్నదా? మా దిక్కు ఎప్పుడో దిగింది. ఇద్దరు పిల్లలు గూడ. ప్రభాకరం జరమొచ్చి సచ్చిపోయె. గా పడువాయన్ను చేసుకున్నది.”

చేతులన్నీ ఆగిపోయాయి.

“ఎవలు చెప్పిన్రే నీకు?” అంది రామవ్వ.

“మా అమ్మమ్మ శంకరవ్వ. పుస్తకం సూసి సదువుతది. మా వాడకట్టోళ్ళంత వింటరు.”

రామవ్వ కత్తెర కింద పెట్టింది. “ఒక్క పుస్తకంల రెండు కతలెట్లుంటయ్? ఎవలో ఒకలు మనల్ని ముంచుతున్నరు.”

బాలలక్ష్మి పత్రిక మూసేసింది. చచ్చిపోయిన పత్రికను తనలాగే ఇంకెవరో బతికిస్తున్నారన్నమాట. ఆ రోజు నుంచి ఆమె చదువుతుంటే వినేవాళ్ళ కళ్ళు ఆమె ముఖం మీద కాక కాగితం మీద ఉండేవి. నిజం బయటపడితే కట్టలు పోతే పోయాయి, రోజుకు రెండు గంటలు ఎక్కువ కూర్చుని చుట్టుకుంటుంది. ‘సదువు బిడ్డా’ అన్న పిలుపు పోతే మాత్రం ఇక ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది?

మరుసటి ఏడు యాదవ్వకు నెలలు నిండుతుంటే, పురిటికి తీసుకుపోవడానికి శంకరవ్వే వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉన్న ముసలిది. చేతిసంచిలో చీరతో పాటు అట్ట ఊడిపోయిన పత్రిక కూడా ఉంది. రామవ్వ చాయ్ తాగనిచ్చి, సూటిగా అడిగింది.

“వదినె, రేపు పొద్దుగాల బస్సెక్కి పోతవ్. ఇయ్యాల గిది తేలాలె. సదువు.”

శంకరవ్వ పత్రికను ఒళ్ళో పరిచి, గొంతు సవరించుకుంది. ఎదురుగా కూర్చున్న బాలలక్ష్మికి అక్షరాలు చక్కగా, సూటిగా కనిపించాయి. అంటే శంకరవ్వ దాన్ని తలకిందులుగా పెట్టుకుంది. ముసలిదానికి చదువే రాదు.

ఒక్క మాట అంటే చాలు, బాలలక్ష్మి గండం గట్టెక్కుతుంది. ఆ మాట నోటి చివరి దాకా వచ్చింది. ఇంతలో శంకరవ్వ మొదలుపెట్టింది.

“గప్పుడు గాలి పడిపోయింది. పడువాయన తెడ్డు లోపలికి దీసి గెడ పట్టుకున్నడు. గెడ ఇసుకల దిగవడితే కర్‌ర్ అని సప్పుడైతది. గా సప్పుడు కాళ్ళల్లకు వస్తది...”

బాలలక్ష్మి అరికాళ్ళలోకి ఆ చప్పుడు వచ్చింది. ఇన్నేళ్ళుగా అందరికీ తనే చెప్పింది. తనకు ఎవరూ ఒక్క ముక్క చదివి వినిపించలేదు. ఆమె నోరు మూసుకుని ముందుకు వంగింది.

“ఆగు,” అంది రామవ్వ. “బాలలక్ష్మీ, నువ్వు సదువుకున్నదానివి. పోయి గా పుస్తకంల సూడు. గామె చెప్పేదే ఉన్నదా?”

బాలలక్ష్మి లేచి వెళ్ళి శంకరవ్వ పక్కన కూర్చుంది. తలకిందులైన ఆ పేజీలో పత్తి పురుగుకు మందు కొట్టే విధానం ఉంది. దాని మీద శంకరవ్వ వేలు ఆనించి ఉంది.

“ఉన్నది,” అంది బాలలక్ష్మి. “ఒక్క అక్షరం తప్పు లేదు. మనకు వచ్చేది పాత పుస్తకం. వీళ్ళకు ముందుగాల వస్తది.”

రామవ్వ చాట ఒళ్ళోకి లాక్కుంది. “నిజమే. మన సిరిసిల్లకు ఏది జల్ది వచ్చింది గనుక!”

అందరూ నవ్వారు. సత్తమ్మ నవ్వలేదు. ఆమె కళ్ళు నిండిపోయాయి. “గట్లయితే ప్రభాకరం సచ్చుడు ఖాయమేనా? ఇన్నేండ్ల సంది లాంతరు పట్టుకొని నిలవడ్డడు పాపం!”

బాలలక్ష్మికి అప్పుడు తట్టింది. ముసలిదాన్ని కాపాడబోయి తన ప్రభాకరాన్ని తనే చంపుకుంది. ఆమె ముఖం పాలిపోయింది. శంకరవ్వ ఆ ముఖం వైపు ఒక్క క్షణం చూసింది. ఆ తర్వాత నింపాదిగా వేలు జరిపింది.

“ఏడ్వకుర్రి. కింద ఇంకో లైను ఉన్నది, మా ఊళ్ళె సదువుడు మర్సిపోయిన. జరమొచ్చి సచ్చింది గాయన కాదు, గాయన తమ్ముడు. ప్రభాకరం సూసి సూసి యాష్టకొచ్చి, లాంతరు తుమ్మకొమ్మకు తలిగేసి, తనే పడువేసుకొని వచ్చిండు. గా పడువాయన గాయననే. గడ్డం పెరిగింది గద, ఎవలు గుర్తుపట్టలే.”

“ఇరణమ్మ గూడ గుర్తుపట్టలేదా?” అంది బాలలక్ష్మి. పరీక్షకు కాదు, తెలుసుకోవాలని.

“ఒడ్డు దిగినంక గుర్తువడ్తది. ఉండు.”

శంకరవ్వ చదివింది. పడవ ముక్కు ఇసుకను తాకి, కొంచెం వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి ఆగింది. హిరణ్మయి కాలు మోకాలి దాకా నీళ్ళలో దిగింది. పైన వెచ్చగా, అడుగున చల్లగా ఉన్నాయి నీళ్ళు. తర్వాత తడి ఇసుక, కాలి కింద మెత్తగా జారిపోయే ఇసుక. ఆ పైన పుచ్చతీగల వాసన. బాలలక్ష్మి కళ్ళు మూసుకుంది. వీధిలో సాంచాలు ఎప్పుడు ఆగాయో, అసలు ఆగాయో లేదో ఆమెకు తెలియదు. ఇన్నేళ్ళూ పడవలో కూర్చున్న ఆడమనిషి లేచి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, ఒడ్డెక్కింది. కళ్ళు తెరిచేసరికి బాలలక్ష్మి ఒళ్ళో తన చాట ఉంది. చేతులు బీడీలు చుడుతున్నాయి. ఒక కట్ట పూర్తవగానే తీసుకెళ్ళి శంకరవ్వ ముందు పెట్టింది.

“సదువు అవ్వా,” అంది.

ఈ ముచ్చటంతా ఈమధ్య నేను, ముసలిదైపోయిన బాలలక్ష్మికి మొదటి నుంచి చివరి దాకా చెబితే, ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఓపిగ్గా వింది. అంతా అయ్యాక అంది:

“అంత అబద్దం. నేను బీడీలు చేసిన, గంతే. కతలేంది, పడువలేంది! లక్సెట్టిపేట శంకరవ్వనా? గామె ఎవలో నాకెరుక లేదు. గసొంటి ముచ్చట ఎన్నడు జరగలే.”