పసుపు పచ్చ గుడ్డ

గోదావరిఖని బస్సులో పక్క సీటామె నా బిడ్డ పచ్చబడిన కళ్ళు చూసి, "మా పిల్లకు గూడ గివే కామెర్లక్కా" అంది. పైత్యరసం పేగులోకి దిగని కాలేయ జబ్బు అది.

"మా ఊరి డాక్టరు ఈ జబ్బు గుర్తుపట్టుడు ఈ మధ్యనే నేర్చుకొచ్చిండట. పిల్ల దొడ్డికి పోయినదాన్ని రంగుల కార్డుతోటి పోల్చి చూసిండు. తెల్లగున్నది, జల్ది పెద్ద దవాఖానకు పొమ్మన్నడు. టైముకు ఆపరేషనైంది."

మాకు అందరూ పొద్దుటి ఎండ చూపించమన్నారు. పాలు తాగే పిల్లకు తెల్లగానే పోతుందన్నారు. మా ఆపరేషన్ ఆలస్యమైంది.

ఆమె ఒళ్ళోని పాప దొడ్డికి పోయిన గుడ్డ విప్పి, "చూడక్కా, ఇప్పుడు పసుపు లెక్క ఎట్లున్నదో" అని మురిసిపోయింది.

"బస్సుల అందరికి చూపిస్తవా బిడ్డా" అంటూ వెనక సీటు ముసలాయన ముక్కు మూసుకున్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ గుడ్డను ఆమె చేతిలోంచి లాక్కోవాలనిపించింది. ఇప్పటికీ నా బిడ్డ గుడ్డ విప్పిన ప్రతిసారీ ఆ రంగునే వెతుకుతాను.