గీసినవాడు ఎంచుకోకూడదు

సర్వేయరు మామయ్యకు లోకంలో ఒక్కడి మీదే అనుమానం: పెన్సిలు పట్టుకున్నవాడి మీద. పటాలు గీయడమే ఉద్యోగం కాబట్టి, ఆ ఒక్కడు ఎక్కువసార్లు తానే అయ్యేవాడు.

ఇంట్లో కేకు కోసినవాడు చివరి ముక్క తీసుకోవాలి. బీరువా పంచుకున్నప్పుడు మధ్యలో సుద్దగీత తాను గీసి, ఏ సగం కావాలో అత్తయ్యను తేల్చుకోమన్నాడు.

"రెండూ నావే," అంది అత్తయ్య.

ఉద్యోగం వెతుక్కుంటూ ఆ ఇంట్లోనే ఉంటున్న మేనల్లుడికి ఇదంతా నాటకంలా ఉండేది. ఇంత నిజాయితీ పైకి చూపేవాడు లోపల ఎక్కడో గట్టిగానే నొక్కేస్తూ ఉండాలి.

ఆ ఏడు పట్టణంలో వార్డుల హద్దులు తిరిగి గీసే పని మామయ్య మీద పడింది. ఆ ఏడే అత్తయ్య, పట్టణంలో మాట చెల్లే కౌన్సిలరు గారి పక్క వార్డులో, ఆయన బావమరిది మీద పోటీకి దిగింది. ఆమె ఆశలన్నీ దర్జీల వీధి మీదే. అక్కడ సగం మందికి మిషను కుట్టడం నేర్పింది ఆమే. ఆ వీధిని కౌన్సిలరు ఎప్పుడో మూడు వార్డులకు ముక్కలు చేయించాడు. మురుగు పొంగిందని ఎవరి దగ్గరికి వెళ్లినా, "మీది పక్క వార్డు," అని తిప్పి పంపేవారు.

"ఒక్క గీత అటు జరిపితే చాలు మామయ్యా, అత్తయ్య గెలిచినట్టే," అన్నాడు మేనల్లుడు.

"అందుకే, నా మీద ఓ కన్నేసి ఉంచు."

మేనల్లుడు రెండు కళ్లూ వేశాడు. పటం మీద పార్టీలు లేవు, పేర్లు లేవు. వీధులు, జనం లెక్క, అంతే. వార్డులన్నిట్లో జనం సమానంగా ఉండాలి, ఏ వీధీ తెగకూడదు. ఆ లెక్కన మామయ్య ఐదు పటాలు గీసి, సభ హాల్లో అందరి ముందూ గోడకు అంటించి, కౌన్సిలరును పిలిచాడు.

"గీసింది నేను. ఎంచుకునేది మీరు."

కౌన్సిలరు మొహం పాలిపోయింది. "మెలిక ఎక్కడుంది?"

"లేదండీ."

"లేదంటున్నావంటే ఉంది."

భూతద్దం తెప్పించాడు. మామయ్య రెండో పటం వైపు చూశాడని దాన్ని కొట్టేశాడు. మూడో దాని వైపు చూడలేదని దాన్నీ కొట్టేశాడు. సాయంత్రానికి, దర్జీల వీధి అత్తయ్యకు దక్కని పటం ఒకటి దొరికింది. ఆ వీధి మొత్తం తన వార్డులోకే వస్తుంది. వస్తే రానీ, బావమరిది గండం గడుస్తుంది కదా!

"ఇదే!" అని వేలు పెట్టాడు.

ఇంటికి రాగానే మేనల్లుడు విరుచుకుపడ్డాడు. "అత్తయ్యను నిలువునా ముంచారు!"

అత్తయ్య మామయ్యకు మర్యాదగా కుర్చీ వేసింది. అది మరీ ప్రమాదం.

మామయ్య నసిగాడు. "ఐదింట్లో ఏది తీసుకున్నా ఆ వీధి ఒక్క ముక్కగానే ఉంటుందిరా. ఆరువందల ఓట్లు ఒకచోట ఉంటే ఎంతటివాడికైనా చెవులు పనిచేస్తాయి. నాకు కావలసింది అదే."

వారం తిరక్కుండానే కౌన్సిలరు ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని, దర్జీల వీధి మురుగులో నిలబడి, ఫిర్యాదులు రాసుకుంటూ కనిపించాడు. మేనల్లుడు పరుగున వచ్చి చెప్పాడు. అత్తయ్య నవ్వాపుకుంటూ కరపత్రాలు తీసుకుని, చెప్పులేసుకుంది.

"సరే, కొత్త వీధుల్లో మొదటి నుంచి తిరుగుతాను. మీ ఓటైనా నాకేనా?"

మామయ్య కిటికీ వైపు, మేనల్లుడి వైపు అనుమానంగా చూశాడు. "అది రహస్యం. పైగా ఉద్యోగిని, ప్రచారం చేయకూడదు."

అని, ఎండ ఎక్కువగా ఉందంటూ గొడుగు విప్పి, ఆమె తల మీద పట్టుకుని వీధిలోకి నడిచాడు.