అండమాన్ బురద పట్టిన యంత్రం

రిటైరవడానికి ఏడాది ముందు, నవంబరులో, అండమాన్ సముద్రానికి వెళ్లే పరిశోధన నౌకకు నన్ను ముఖ్య శాస్త్రవేత్తగా వేశారు. మాది గోపాల్‌పేట. ఎన్ని బోర్లు వేసినా మా చేన్లో నీళ్లు పడలేదు. నా ఉద్యోగమే వెళ్లి నీళ్లలో పడింది.

సముద్రపు అడుగున నేల కదలికలను నమోదు చేసే భూకంప యంత్రాన్ని ఏడాది కిందట అక్కడ దింపాం. దాని కింద ఇనుప బరువు, పైన తేలే గాజు గోళాలు ఉంటాయి. నౌక నుంచి శబ్ద సంకేతం పంపితే, అది బదులు పలికి, బరువు వదిలి పైకి తేలాలి. ఆ ఉదయం బదులు పలికింది. బరువూ వదిలానంది. పైకి మాత్రం రాలేదు.

అందులో ఉన్నది మా బృందంలోని ఆత్మకూరు అమ్మాయి షబానా పరిశోధనంతా.

"జవాబిస్తుంది గని లేస్తలేదు సార్. ఇంకోపాలి పిలుద్దమా?" అంది.

నౌకలో సమయం వంతులవారీగా నడుస్తుంది. మధ్యాహ్నం నుంచి వంతు జీవశాస్త్రం వాళ్లది. నౌక వేరే చోటికి పోవాలి. మేం లేనప్పుడు యంత్రం తేలితే ప్రవాహం ఎత్తుకుపోతుంది. హోదా వాడి మా వంతు పొడిగించుకోవచ్చు, కానీ ఎంతసేపు? మేమంతా బ్యాటరీ అయిపోయిందని, బరువును పట్టి ఉంచే తీగ తెగలేదని వాదించుకుంటున్నాం. నేల వణుకు కొలిచేవాళ్లం కదా, ఆ నేల మెత్తనిదా గట్టిదా అని ఎవరమూ అడగలేదు.

అడిగింది జీవశాస్త్రవేత్త కురియన్ గారు. అక్కడి నీళ్లలో మీథేన్ గ్యాసు ఎక్కువుందని రసాయనశాస్త్రం వాళ్లు అప్పటికే చెప్పారు. గ్యాసు ఊరే చోట బురద పెరుగులా ఉంటుందని, యంత్రం కాళ్లను అదే పట్టుకుని ఉంటుందని ఆయన అన్నారు. ఆయనకు కావలసిన పురుగులూ అలాంటి బురదలోనే బతుకుతాయి. అయితే మీ వంతు ఇక్కడే మొదలుపెట్టండి అన్నాను. సంతోషంగా ఒప్పుకున్నారు.

ఊరికే ఆగితే అదే లేస్తుందంటే షబానాకే నమ్మకం కుదరలేదు.

"చెరువు బురదల చెప్పు దిగబడ్తే గుంజుతవా బిడ్డా? గుంజితే తెగుతది. జర ఆగు, గోళాలు మెల్లగ లేపుతయి" అన్నాను.

"చెప్పు తెగితే ఇంకోటి కొనుక్కుంట సార్. ఇది పోతే నా పీహెచ్‌డీ పోతది!"

కురియన్ గారి గొట్టాలు బురద తోడుతుండగానే యంత్రం దూరం చూపే అంకెలు తగ్గడం మొదలైంది. ఎండ ఉండగానే యంత్రానికి కట్టిన నారింజ జెండా అలల మీద కనిపించింది. "లేసింది సార్!" అన్న కేక ఇంజను గదిదాకా వినపడి ఉంటుంది.

నమోదైన చిన్న వణుకుల్లో చాలావాటికి కారణం బురదలోంచి తప్పించుకునే గ్యాసేనని కురియన్ గారి బురద నమూనాలతో తేలింది. షబానా థీసిస్‌లో అదే ముఖ్య అధ్యాయం.

తర్వాతి ప్రయాణానికి రాసిన ప్రణాళికలో, యంత్రం దింపే ముందు అక్కడి బురద తీసి చూడాలన్నది మొదటి పనిగా పెట్టాను. ఆ వంతు జీవశాస్త్రం వాళ్లది. భూకంపాల వాళ్లం ఆగుతాం.